తీర్మానాలు నిలబెట్టుకోలేక కుంగిపోతున్నాను, కృప మీద ఆనుకోవడం అంటే రోజూ ఏం చేయాలి?

వందనాలండి. మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. తరువాత చదివేవాళ్ల కోసం దాన్ని కుదించి చెబుతాను. మీది ఒడిశాలోని గుణుపురం. రాత్రి పది దాటాక కొట్టు కట్టేసి ఇంటికి చేరతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి ఒక బైబిలు వాక్యం రాసిన కార్డు) తీసుకుని, మోకాళ్ల మీద నాలుగు తీర్మానాలు చేసుకున్నారు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి గంటసేపు ప్రార్థన, రోజుకు బైబిల్లో నాలుగు అధ్యాయాలు, ప్రతి శుక్రవారం ఉపవాసం, ఇంట్లో కోపం మానేయడం. జనవరి మూడో వారానికి చదవడం ఆగింది, దాని వెనకే ప్రార్థనా ఆగింది, కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. మూడు నెలలుగా ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి వెళ్లడం మానేశారు. "దేవుడికి మాటిచ్చి తప్పాను, ఆయనకు నా మీద విసుగొచ్చేసి ఉంటుంది. కృప మీద ఆనుకో అని అందరూ అంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు" అన్నారు.

ఎలా అన్నదే రాస్తాను.

ముందు మాట సంగతి. మీవైపు ఒడియా ఆరాధనలో 'అనుగ్రహ' అని వింటారు, తెలుగు కూటంలో 'కృప' అని వింటారు. రెండూ ఒకటే. కానీ బడికి వెళ్లిన మనందరి బుర్రలో మూడో మాట ఒకటి కూర్చుని ఉంది: గ్రేస్ మార్కులు. పాసవడానికి 35 కావాలి, కుర్రాడికి 31 వచ్చాయి, పోనీలే అని నాలుగు కలిపి గట్టెక్కిస్తారు. చాలామంది విశ్వాసులు కృపను ఇలాగే లెక్కేస్తారు. 31 మనం తెచ్చుకోవాలి, మిగతా నాలుగు దేవుడు కలుపుతాడు. ఈ లెక్కలో చిక్కేమిటంటే, 12 వచ్చినవాడికి ఎవరూ కలపరు. మీ భయమంతా అదే. ఎఫెసీ 2:8లో పౌలు రాసింది మార్కులు కలపడం గురించి కాదు. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్నాడు. మనం చేయాల్సిన సత్క్రియల మాట 10వ వచనంలో గానీ రాదు. ముందు వరం, వెనక పని. మీ తీర్మానాలు 10 దగ్గర మొదలై 8కి ఎక్కుదామని చూశాయి. అందుకే మెట్టు జారగానే మొత్తం కూలినట్టు అనిపించింది.

ఇక "విసుగొచ్చేసి ఉంటుంది" అన్నారే, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. విసుగు ఎవరికొస్తుంది? ఎక్కువ ఊహించుకున్నవాడికి. మీ గురించి ఎక్కువ ఊహించుకున్నది ఎవరు, మీరా, దేవుడా? 103వ కీర్తన 14వ వచనం చూడండి: "మనము మంటివారమని ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు". మట్టి అని తెలిసి చేతిలోకి తీసుకున్నవాడు, మట్టి మట్టిలా ఉందని ఉలిక్కిపడడు. ఉలిక్కిపడింది మీరు. మీరు ఉక్కు అనుకున్నారు.

యేసు శిష్యుడు పేతురు విషయంలో ఇది దగ్గరగా కనిపిస్తుంది. అందరూ జారిపోయినా నేను జారను అన్నాడు. అది ప్రేమే, అబద్ధం కాదు, కానీ అందులో బరువంతా 'నేను' మీద ఉంది. యేసు ఆ మాట నమ్మలేదు. లూకా 22:31-34 వరుసగా చదవండి. పేతురు ఇంకా యేసును ఎరుగనని బొంకకముందే, నీ నమ్మిక తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నాను అంటాడు. ఆ వెంటనే, నీ మనసు తిరిగాక నీ సహోదరులను స్థిరపరచు అని పని కూడా అప్పగిస్తాడు. కోడి కూయకముందే ప్రార్థనా అయిపోయింది, తరువాతి పనీ నిర్ణయమైపోయింది. పేతురు పడిపోవడం పేతురికి కొత్త, యేసుకు కాదు.

యేసు తిరిగి లేచాక, యోహాను 21లో మళ్లీ కలిసినప్పుడు ఒడ్డున నిప్పులున్నాయి, వాటి మీద చేపలున్నాయి. ప్రధానయాజకుని ఇంటి దగ్గర పేతురు చలికాచుకుంటూ బొంకింది కూడా ఒక మంట దగ్గరే. తెలుగులో ఒకచోట మంట, ఒకచోట నిప్పులు అని వచ్చింది గానీ గ్రీకులో రెండుచోట్లా బొగ్గుల నిప్పు అనే ఒకే మాట ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఆ రెండుచోట్లే కనబడుతుంది. అక్కడ యేసు "వీరికంటె" ఎక్కువగా ప్రేమిస్తున్నావా అని అడుగుతాడు. పేతురు జవాబులో "వీరికంటె" లేదు. నేను నిన్ను ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అంటాడు. మునుపటి 'నేను ఎప్పటికీ' పోయి 'నీకు తెలుసు' వచ్చింది. కృప మీద ఆనుకోవడం అంటే ఆచరణలో ఆ రెండు వాక్యాలకు మధ్య ఉన్న తేడాయే. యేసు అక్కడ కొత్తగా మాట తీసుకోలేదన్నది కూడా గమనించండి. ఇంకెప్పుడూ అలా చేయనని చెప్పు అని అడగలేదు. గొర్రెలను మేపు అన్నాడు, అంతే.

ఇప్పుడు చేయాల్సిన పని. ఒక నోటుబుక్కు తీసుకుని పేజీకి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "దేవుడు అడిగింది", కుడివైపు "నా మీద నేను వేసుకున్నది". మీ గుండెను నొక్కుతున్న ప్రతిదాన్నీ రెంటిలో ఒకచోట రాయాలి. నియమం ఒక్కటే: ఎడమవైపు రాయాలంటే పక్కన వాక్యం రాయగలగాలి. మీరు రాసినవాటితోనే చేసి చూపిస్తాను.

నాలుగు గంటలకు లేవడం. మార్కు 1:35లో యేసు చీకటితోనే లేచి ప్రార్థించాడు, నిజమే. అది ఆయన చేసిన పని, మనకిచ్చిన ఆజ్ఞ కాదు. దానియేలు రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు, అతని గడియారం వేరు. పదకొండుకు పడుకునే మనిషి నాలుగుకు లేస్తే నిద్ర ఐదు గంటలు. నెలకల్లా ఒళ్లు తిరగబడుతుంది, పైగా నిద్ర చాలనివాడికి కోపం ముందు వస్తుంది. మీ మొదటి తీర్మానమే మీ నాలుగో తీర్మానానికి గొయ్యి తవ్వింది. ఇది కుడివైపు.

ఇంట్లో అరవడం. కొలొస్సయి 3:19లో భార్యలను నిష్ఠురపెట్టవద్దని, 21లో పిల్లల మనసు కుంగేలా చేయవద్దని ఉంది. ఇది ఎడమవైపు, సందేహం లేదు.

ఇలా రాయగానే తెలిసేది ఏమిటంటే, మీరు మూడు నెలలుగా కుమిలిపోతున్నది ఎక్కువగా కుడివైపు వాటి గురించి. ఎడమవైపున్న అసలు తప్పు మీ ప్రశ్నలో చివరి వరుసలో, అదీ సగం మాటలో ఉంది. మనం పెట్టుకున్న ఆశలకు ఈ గుణం ఉంటుంది. అవి మన పేరు గురించి బాధపెడతాయి, పక్కన ఏడుస్తున్న మనిషిని కనబడనీయవు.

కుడివైపు వాటిని కొట్టేయండి. మెల్లగా కాదు, ఈరోజే. "దేవుడికి మాటిచ్చానే" అంటారు. ప్రసంగి 5:5 అదే చెబుతుంది: మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలు. తొందరపడి నోరు జారినందుకు క్షమాపణ అడగండి, ఒక్కసారి. అడిగాక దాని స్థానంలో ఇంకో మొక్కు పెట్టకండి. చాలామంది తప్పేది ఇక్కడే. నాలుగు గంటలు కుదరలేదు, సరే ఐదు అని వెంటనే మళ్లీ మాటిస్తారు. అది కృప కాదు, గడువు పెంచిన అప్పు.

ఎడమవైపు దానికి ఏం చేయాలో చెబుతాను. పడిపోయిన మర్నాటి ఉదయమే అసలు పరీక్ష. ఆ రోజు మనలో చాలామంది చేసేది, రెండు మూడు రోజులు దేవుడికి మొహం చాటేసి, కాస్త మంచిగా ఉన్నట్టు అనిపించాక తిరిగి రావడం. అంటే ముందు మనల్ని మనం కొద్దిగా కడుక్కుని, తరువాత కడిగేవాడి దగ్గరికి వెళ్లడం. అలా కాకుండా, లేవగానే తప్పును దాని పేరుతో చెప్పండి. "నేను మంచివాణ్ణి కాను ప్రభువా" అన్నది ఒప్పుకోలు కాదు, నిట్టూర్పు. "నిన్న రాత్రి అన్నం చల్లారిందని నా భార్యను పిల్లల ముందు ఫలానా మాట అన్నాను", ఇది ఒప్పుకోలు. కారణాలు చేర్చకండి. కొట్టులో బేరం లేదు, తలనొప్పి, అవన్నీ ఆయనకు తెలుసు. 130వ కీర్తన బిగ్గరగా చదవండి, ఎనిమిది వచనాలే. దేవుడు దోషాలు లెక్కపెడితే ఎవడు నిలబడగలడు అని మొదట్లోనే ఉంటుంది. తరువాత థాంక్స్ చెప్పి లేవండి. అంతా ఐదు నిమిషాల పని. ఇంకా సేపు కూర్చుంటే అది ఒప్పుకోలు కాస్తా శిక్ష వేసుకోవడం అవుతుంది. ఆ శిక్ష సిలువ మీద అయిపోయింది, రెండోసారి మీరు కట్టనక్కర్లేదు.

దేవుడి దగ్గర అయ్యాక ఇంట్లో. కాఫీ అందుకునేటప్పుడే చెప్పేయండి: "రాత్రి నేను అన్నది తప్పు. క్షమించు." ఈ రెండు ముక్కలే. "నువ్వు కూడా..." అని మూడోది మొదలైతే మొత్తం చెడుతుంది. "ఇంకెప్పుడూ అనను" అని కూడా చేర్చకండి, ఆవిడ ఆ మాట ఎన్నిసార్లు వినుంటుందో. దానికి బదులు చేతిలో ఉన్నది చేయండి. ఇంటికి రాగానే పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా స్నానానికి వెళ్లడం లాంటిది. అది తీర్మానం కాదు, జాగ్రత్త. గొయ్యి ఎక్కడుందో తెలిసినవాడు పక్కనుంచి నడుస్తాడు.

ఇప్పుడు ప్రభువు బల్ల. మీరు దూరంగా ఉండడానికి కారణం 1 కొరింథీ 11:27లోని "అయోగ్యముగా" అన్న మాట. దాన్ని 'అయోగ్యుడు' అని చదువుతున్నారు. అక్కడున్నది మనిషి గురించి కాదు, తీసుకునే తీరు గురించి. పైన 21వ వచనంలో సందర్భం ఉంది. సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి తాగి మత్తులో ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో ఉన్నారు. పౌలు గద్దించింది దాన్ని. పైగా 28వ వచనం, మనిషి తన్ను తాను పరీక్షించుకుని అని మొదలై, ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది తాగాలి అని ముగుస్తుంది. పరీక్షించుకుని ఇంటికి పొమ్మని లేదు. ఎవరితోనైనా గొడవ నానుతూ ఉంటే ముందు వెళ్లి సర్దుకోండి, అంతవరకు న్యాయం. కానీ పొద్దున ప్రార్థన తప్పిందని బల్ల మానేయడం, జ్వరం తగ్గాక ఆసుపత్రికి వెళ్తానన్నట్టే.

చదవడం గురించి చిన్న లెక్క. మీరు ఆదికాండం నుంచి రోజుకు నాలుగు అధ్యాయాలు పెట్టుకున్నారు. ఆదికాండం 50, నిర్గమకాండం 40. అలా పోతే జనవరి 19న ప్రత్యక్షగుడారపు కొలతల్లోకి వెళ్తారు, 23న లేవీయకాండం తగులుతుంది. మూడో వారంలో ఆగిపోయానన్నారు కదా. మీ భక్తి తగ్గి ఆగలేదు, దారిలో ఎత్తు వచ్చింది. ఆ తరువాత అసలు చంపేది బాకీ. నలభై రోజులు తప్పితే 160 అధ్యాయాలు వెనకబడతారు, అది తలుచుకునే పుస్తకం తెరవబుద్ధి కాదు. కాబట్టి బాకీ మొత్తం రద్దు. తప్పిన రోజు తప్పినట్టే, ఏ తేదీన తెరిస్తే ఆ తేదీది చదవడం. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి, వారానికి ఐదు రోజులు ఒక్కొక్కటి చొప్పున సరిగ్గా 52 వారాలు. రెండు రోజులు ఖాళీ ఉంటాయి, ఆ రోజుల్లో చదవకపోతే తప్పినట్టు కూడా కాదు. మొదలు లూకాతో పెట్టండి. రోమా పత్రికతో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు, కుంగి ఉన్నవాడికి నేను ఆ సలహా ఇవ్వను. ముందు యేసు మనుషులతో ఎలా మాట్లాడాడో చూడాలి, వాదన తరువాత.

శుక్రవారం ఉపవాసం మీకు బలమిస్తే చేయండి, లేకపోతే మానండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా పస్తుండకూడదు, మధ్యాహ్నానికి షుగరు పడిపోయి చెమటలు పట్టి కూలబడొచ్చు. ధర్మశాస్త్రం అందరికీ విధించింది ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్త దినం. లూకా 18లో పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉండేవాడు. ఇంటికి నీతిమంతుడిగా వెళ్లింది అతను కాదు, దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు.

ఇదంతా మొదలుపెట్టాక దారి తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా మోసపూరితమైనది, కృపనే కొత్త తీర్మానంగా మార్చుకోవడం. "నేను సరిగ్గా నమ్ముతున్నానా? నిజంగా ఆనుకున్నానా?" అని విశ్వాసాన్ని తూకం వేయడం మొదలవుతుంది. జీడిపప్పు ఒలిచే షెడ్డులో సాయంత్రం తూకం దగ్గర నిలబడినట్టు, రోజూ రాత్రి నమ్మకం ఎన్ని కిలోలు తూగిందో చూసుకుంటారు. పనులు పోయి వాటి స్థానంలో నమ్మకం కూర్చుంది, కూలి లెక్క మాత్రం అదే.

ప్రొటెస్టంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ ఈ రోగంతోనే బాధపడ్డాడు. 1505లో ఎర్‌ఫర్ట్ మఠంలో చేరి, గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. ఆ సన్యాసుల సంఘానికి పెద్ద అయిన స్టౌపిట్జ్, నిన్ను చూసుకోవడం మాని క్రీస్తు గాయాలను చూడు అని చెప్పేవాడు. తరువాత 1529లో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో (విశ్వాస పాఠాలను ప్రశ్నలూ జవాబులుగా చెప్పే పుస్తకం) పరిశుద్ధాత్మ గురించిన వివరణ ఎలా మొదలవుతుందో తెలుసా? నా సొంత బుద్ధితో గానీ బలంతో గానీ నేను యేసుక్రీస్తును నమ్మలేను అని. నమ్మకం కూడా ఇచ్చిందే, తెచ్చుకున్నది కాదు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి మిషనరీలు కొరాపుట్ వైపు వచ్చారు, ఇప్పటి జయపురం లూథరన్ సంఘానికి మూలం వాళ్లే. కాబట్టి మీ చుట్టుపక్కల ఆ ప్రశ్నోత్తరి కంఠస్థం వచ్చిన పెద్దవాళ్లు దొరకవచ్చు. అడిగి చెప్పించుకోండి.

తూకం వేయాలన్న దురద పుట్టినప్పుడు బాప్తిస్మం గుర్తుచేసుకోవడం మేలు. బాప్తిస్మం ఎవడూ తనకు తాను ఇచ్చుకోలేడు. వంశధారలో ముంచి లేపినా, గుడిలో నెత్తిన నీళ్లు పోసినా, అది ఇంకొకరు మీకు చేసిందే. ఆ తేదీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. మీ మనసు ఆరోజు ఎలా ఉందో గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, తేదీ మారదు.

సాక్ష్యాల కూటాల్లో ఇంకో గుంట ఉంది. ఒకాయన లేచి, నలభై రోజులు ఉపవాసమున్నాను, అంతా మారిపోయింది అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ సాక్ష్యం, మామూలు మంగళవారం మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పదు. యోహాను 21లోనే పేతురు పక్కవాణ్ణి చూపించి, మరి ఇతని సంగతేమిటి అంటే, అది నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నాడు ప్రభువు.

"అయితే ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చా" అని మీ బంధువు ఒకాయన వాదిస్తున్నాడని రాశారు. రోమా 6 మొదలయ్యేదే ఆ ప్రశ్నతో, జవాబూ అక్కడే ఉంది. తీతు 2:11-12లో కృపే మనకు బుద్ధి నేర్పుతుందని ఉంది. పౌలు అందరికన్నా ఎక్కువ కష్టపడ్డాను అంటూనే, నేను కాదు, నాకు తోడున్న దేవుని కృప అన్నాడు, 1 కొరింథీ 15:10. కష్టం తగ్గదు. కష్టపడి ఇంట్లో చోటు సంపాదించుకోవాలన్న భయం పోతుంది. ఒక గుర్తు చెబుతాను, ఆయనకూ పనికొస్తుంది: కృపను వాడుకుంటున్నవాడు తప్పును దాస్తాడు, కృప మీద ఆనుకున్నవాడు చెప్పేస్తాడు.

ఒక సంగతి విడిగా చెప్పాలి. ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకున్నా తీరకపోవడం, ప్రార్థనలో ఒక మాట తప్పితే మళ్లీ మొదటినుంచి చెప్పాలనిపించడం, రెండు వారాలకు మించి నిద్రా ఆకలీ లేకపోవడం, బతకడం దండగ అనిపించడం, వీటిలో ఏదున్నా అది విశ్వాసం చాలకపోవడం కాదు. జబ్బు కావచ్చు, దానికి మందుంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి గురించి అడగండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రైనా పలుకుతారు. ఒకసారి ఒప్పుకున్న పాపాన్ని మళ్లీ మళ్లీ ఒప్పుకోనివ్వకూడదని కేథలిక్ గురువులు ఇలాంటివాళ్లకు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. ఏ సంఘంవాళ్లకైనా అది మంచి సలహాయే.

ఈ వారానికి మీరు చేయాల్సింది ఇంత. ఈ రాత్రి నోటుబుక్కులో గీత గీసి రెండువైపులా రాయండి. రేపు పొద్దున కాఫీ దగ్గర ఆ రెండు ముక్కలు చెప్పండి. వచ్చే సంస్కారపు ఆదివారం ఎప్పుడో పాస్టరు గారిని ఫోను చేసి కనుక్కోండి, మూడు నెలలుగా ఎందుకు రాలేదో ఆయనకు చెప్పండి. నోటుబుక్కులో ఎటు రాయాలో తేలనివి మిగిలితే ఇక్కడ కింద పెట్టండి, ఒక్కోటీ చూద్దాం.